లైటు ఆరిన శుక్రవారం

మొన్న కాశీబుగ్గ రైలు గేటు దగ్గర ఇరుక్కుపోయాను. ఆ గేటు ఒక్క రైలు కోసం పడదు. హౌరాకీ మద్రాసుకీ మధ్య తిరిగే సమస్త రైళ్ళూ, వాటి చుట్టపక్కాలూ పోయేదాకా లేవదు. నా ముందు ఒక పాత మోటారుసైకిలు, దాని మీద ఒక మనిషి, వెనకాల తాడుతో కట్టిన రెండు జీడిపప్పు డబ్బాలు. పనీపాటా లేక మెడ చాచి అతని మీటరు వైపు చూశాను. ఆయిలు లైటు ఉండాల్సిన చోట ఆడవాళ్ళు పెట్టుకునే బొట్టుబిళ్ళ అంటించి ఉంది.

"ఏం బావా, బండికి బొట్టు పెట్టావు?" అన్నాను.

"ఊరికే ఎర్రగా ఎలుగుతాంది బావా. కంట్లో గుచ్చుకుంటాంది. మా ఇంటిది బొట్టు తీసి అతికించీసినాను. ఇప్పుడు సల్లగున్నాది" అన్నాడు.

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వబోయాను. నోరు సగం తెరుచుకుని అక్కడే ఆగిపోయింది. గేటు లేచింది. అందరూ పోయారు. వెనక లారీవాడు నా వంశాన్ని ఏడు తరాల వరకూ పేరుపేరునా తలుచుకునేదాకా నేను కదల్లేదు. మావ గుర్తొచ్చాడు.

పలాస, కాశీబుగ్గ జంట ఊళ్ళలో బండి ఉన్న ప్రతివాడూ ఆయన్ని మావా అనేవాడు. ఆయనకన్నా పదేళ్ళు పెద్దవాళ్ళు కూడా మావా అనేవాళ్ళు. అసలు పేరు షెడ్డు మీది బోర్డుకి తెలిసుండాలి. కానీ పేరున్న సగాన్ని ఏదో తుఫాను పట్టుకుపోయింది. 'రిపేర్లు చేయబడును' అన్న సగాన్ని మాత్రం దయతలచి వదిలేసింది. మనిషి సన్నగా, పొడుగ్గా, నడుం దగ్గర కిక్కు రాడ్డులా వంగి ఉండేవాడు. ఆయన బనీనులో గుడ్డ కన్నా కన్నాలే ఎక్కువ. ఏ కన్నంలో ఏ పనిముట్టు తగిలించాడో ఆయన వేళ్ళకి చూడకుండానే తెలిసేది.

బండి తెస్తే ముందు మనతో మాట్లాడడు. దాని చుట్టూ మూడుసార్లు తిరుగుతాడు. తరవాత పొడుగాటి స్క్రూడ్రైవరు కొసని ఇంజనుకి ఆనించి, పిడిని చెవి వెనక ఎముకకి ఆనించి, కళ్ళు మూసుకుంటాడు. ఆ సమయంలో షెడ్డులో ఎవరైనా తుమ్మితే అంతే సంగతులు. ఒకసారి ఒక పోలీసాయన తుమ్మి క్షమాపణ చెప్పుకోవడం నా కళ్ళతో చూశాను. అంతా విన్నాక కళ్ళు తెరిచి అనేవాడు: "బండి అబద్ధం ఆడదు. బండాయనే ఆడతాడు."

రెండువేల సంవత్సరం దాటిన కొత్త. నేను ఉద్దానంలో సముద్రం ఒడ్డు ఊరి హైస్కూల్లో లెక్కల మాస్టారిని. కాపురం పలాసలో. రోజూ కొబ్బరి తోటలూ జీడి తోటలూ దాటుకుంటూ రానూ పోనూ ప్రయాణం. అందుకోసం ఒక పాత మోటారుసైకిలు కొన్నాను. దానికి పెట్రోలు ఒక ట్యాంకులో, ఆయిలు ఇంకో బుల్లి ట్యాంకులో పొయ్యాలి. ఆయిలు ట్యాంకులో ఒక చిన్న బెండు తేలుతూ ఉంటుంది. ఆయిలు అడుగంటితే బెండు కిందికి దిగి, మీటరు దగ్గర ఎర్ర లైటు వెలుగుతుంది. ఆయిలు పొయ్యకుండా తోలితే పిస్టను పట్టేస్తుంది. ఇదీ ఏర్పాటు. నా బండి దీన్ని పాటించేది కాదు. ట్యాంకు నిండుగా పోసినా లైటు అలాగే కోపంగా నా వైపు చూస్తూ ఉండేది.

మొదటిసారి షెడ్డుకి వెళ్ళి, "లైటు ఊరికే వెలుగుతోంది మావా. బల్బు పీకేయ్" అన్నాను.

మావ పైనుంచి కిందికి చూశాడు. "మేస్టారూ, నీ క్లాసులో పిల్లడు లేచి 'సార్, కడుపునొప్పి' అన్నాడనుకో. ఆడి నోరు కుట్టీత్తావా?"

"లేదు."

"మరిదేటి? అది సెప్తాంది. ఏటి సెప్తాందో ఇనాల. ఇనలేనోడు సైకిలు కొనుక్కోవాల."

నన్ను మేస్టారూ అంటూనే నువ్వు అనేవాడు. రెండిటిలోనూ గౌరవం ఒక్కలాగే ఉండేది, అంటే కొంచెం.

తరవాత విచారణ మొదలైంది. ఎప్పుడు వెలుగుతాది? సల్లగున్నప్పుడా, ఏడెక్కినాకా? గతుకులోనా, సదును మీదా? మలుపు తిప్పినప్పుడు ఆరుతాదా? నా పెళ్ళిచూపుల్లో కూడా మా మామగారు ఇన్ని ప్రశ్నలు అడగలేదు. ఆఖరికి తీగ విప్పి చూసి, తీగ మంచిదే అన్నాడు. బెండు బయటికి తీశాడు. దాని చుట్టూ నల్లగా జిగురు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రాసి, సాగదీసి, వాసన చూశాడు.

"ఈ బంకేటి మేస్టారూ? బెండు దీనికే అతుక్కుని పైకి లెగటం లేదు. ఆయిలు ఎక్కడ కొంటన్నావు?"

"పెట్రోలు బంకులోనే మావా. సీలు డబ్బా."

పచ్చి అబద్ధం. సంతలో విడిగా అమ్మే చవక నూనె కొని, మా బావ జీడి ఫ్యాక్టరీ నుంచి తెచ్చుకున్న ఒక రేకు డబ్బాలో పట్టించుకునేవాణ్ణి. ఆ డబ్బాలో అంతకుముందు జీడి పిక్కల తొక్కు నుంచి తీసే నల్ల నూనె ఉండేది. పడవలకీ గుంజలకీ చెద పట్టకుండా పూస్తారే, అది. అంటిందంటే చర్మం ఊడుతుందే తప్ప అది ఊడదు. నేను డబ్బాని బూడిదా చింతపండూ వేసి కడిగాను కాబట్టి శుభ్రమైపోయిందని నా లెక్కల బుర్ర తేల్చింది. విడి నూనె పోసేవాళ్ళని మావ షెడ్డు గుమ్మం ఎక్కనివ్వడు. అందుకని సీలు డబ్బా.

మావ బెండుని పెట్రోల్లో కడిగి బిగించాడు. వారం బాగుంది. నేను మళ్ళీ నా డబ్బాలోంచి పోశాను. మళ్ళీ ఎర్ర లైటు. మళ్ళీ మావ. మళ్ళీ జిగురు. ఆరు నెలలు ఇదే తంతు. ఆయన నా బండి కోసం నిద్ర మానేశాడని షెడ్డులో చెప్పుకునేవారు. ఆ మాట మొదట చెప్పింది నేనే.

ఆ ఆరు నెలల్లోనే నాకు ఇంకొకటి కనబడింది. మావ నడుం నొప్పికి మందుల షాపులో అడిగి తెచ్చుకున్న బిళ్ళల్ని టీతో పాటు బటానీల్లా నోట్లో వేసుకునేవాడు. నేల మీద గొంతుక్కూర్చునే మనిషి కొబ్బరి మొద్దు వేసుకున్నాడు. మొద్దు పోయి కుర్చీ వచ్చింది. చెప్పులు కాళ్ళకి పట్టక, వెనక వారు కోసేసి, ఈడ్చుకుంటూ నడిచేవాడు. ఒకరోజు ఆయన పాదం మీద వేలు పెట్టి నొక్కాను. గుంట పడింది. మళ్ళీ పైకి రాలేదు.

నేను పని చేసే ఊళ్ళో ఆ గుంట అర్థం తెలియనివాళ్ళు లేరు. అక్కడ కిడ్నీ అనే మాట జ్వరం అన్నంత మామూలుగా అంటారు. నా క్లాసులో హాజరు పిలుస్తుంటే, "ఆడు రాడు సార్, ఆళ్ళ నాన్నని విశాఖపట్నం తీసుకెళ్ళినారు" అనేవాళ్ళు పిల్లలు. నీళ్ళ వల్ల అన్నవాళ్ళున్నారు, ఎండ వల్ల అన్నవాళ్ళున్నారు, ఎవరూ ఇదీ అని తేల్చలేదు. మావది కూడా ఉద్దానమే, మా స్కూలుకి రెండు ఊళ్ళ అవతల.

"పరీక్ష చేయించుకో మావా" అన్నాను.

"ఎందుకూ? డాకటేర్లు గూడా బల్బే సూత్తన్నారు మేస్టారూ. తీగ ఎక్కడ కాలిందో ఆళ్ళకీ తెలీదు."

"అంటే వినాలి కదా, ఏం చెప్తోందో!"

మావ స్పానరు కింద పడేసుకుని, దాన్ని వెతకడం మొదలుపెట్టాడు. స్పానరు ఆయన కాలి దగ్గరే ఉంది.

అంతలో మా స్కూలు వరండాలో రక్త పరీక్షల క్యాంపు పెట్టారు. ఆదివారం. పేర్లు రాసే పని నాకు అప్పజెప్పారు, చేతిరాత బాగుంటుందని. నేను వెళ్ళి మావకి పందెం వేశాను.

"ఆదివారం లోపల నా లైటు ఆర్పావనుకో, ఇంక నీ కాళ్ళ ఊసెత్తను. ఆర్పలేకపోతే క్యాంపులో మొదటి పేరు నీదే."

షెడ్డులో ఉన్న నలుగురైదుగురు ఈలలేశారు. "ఒప్పుకో మావా, ఒప్పుకో!" మావ గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. వేలు వేలు విడివిడిగా తుడిచాడు. గోళ్ళ సందుల్లో కూడా తుడిచాడు. "సరే" అన్నాడు.

శుక్రవారం సాయంత్రం వెళ్ళేసరికి లైటు ఆరిపోయింది. తాళం తిప్పాను, లేదు. ఇంజను లేపాను, లేదు. గుండ్రంగా రెండు చుట్లు తిప్పుకొచ్చాను, లేదు! నేను ఎగిరి గంతేస్తే షెడ్డు రేకులు అదిరాయి. మామూలుగా మావ ఏదైనా బాగుచేస్తే, తప్పు ఎక్కడుందో, దాని తాతముత్తాతలెవరో అరగంట ఉపన్యాసం ఇవ్వకుండా తాళం చేతిలో పెట్టడు. ఆ రోజు ఉపన్యాసం లేదు. ఎక్కడుంది మావా తప్పు అంటే, "పోయింది కదా, పో" అన్నాడు. నేను పందెం ఓడిన దిగులు కూడా మర్చిపోయి పోయాను. ఆదివారం క్యాంపులో చాలా పేర్లు రాశాను. ఆయన పేరు రాయలేదు.

ఆ తరవాత పది పన్నెండు రోజులు నేను ఆయిలు ట్యాంకు మూత తియ్యలేదు. లైటు వెలగటం లేదు, ఇంకెందుకు?

ఒక సాయంత్రం స్కూలు నుంచి వస్తున్నాను. హ్యాండిలుకి సంచీ, సంచీలో ఖాళీ రేకు డబ్బా, దార్లో నూనె పట్టించుకుందామని. తోటల మధ్య, ఇసక మేట దగ్గర, బండి ఒక్కసారి 'కీక్' మంది. వెనక చక్రం రాయిలా బిగిసిపోయింది. నేను గాల్లోకి లేచాను. పైనుంచి నాకు ఇటు సముద్రం, అటు మహేంద్రగిరి కొండ రెండూ స్పష్టంగా కనిపించాయి. తరవాత మొగలి పొదలు కనిపించాయి, మరీ దగ్గరగా. ముళ్ళు ఎక్కడెక్కడ గుచ్చుకున్నాయో రాస్తే సంసారపక్షంగా ఉండదు.

కుంటుతూ వచ్చి ఆయిలు ట్యాంకు మూత తీశాను. చుక్క లేదు. పక్క డొప్ప ఊడదీసి చూశాను. లైటుకి వెళ్ళే తీగ కోసేసి ఉంది. కొసకి నల్ల టేపు చుట్టి ఉంది. అంత పొందికగా, మడత మీద మడతగా టేపు చుట్టే మనిషి పలాస మొత్తం మీద ఒక్కడే.

కొబ్బరికాయల ట్రాక్టరు మీద బండినీ నన్నూ వేయించుకుని షెడ్డుకి చేరాను. దార్లో నేను తయారుచేసుకున్న తిట్లు పుస్తకం వేస్తే మూడు సంపుటాలయ్యేవి. షెడ్డులో ఎవరూ లేరు. మావ కుర్చీలో ఉన్నాడు. నా మోచేతులు చూశాడు, బండిని చూశాడు.

"నువ్వేనా మావా? బల్బు పీకడమంటే పిల్లాడి నోరు కుట్టడమే అన్న మనిషివి, నువ్వేనా?"

మావ లేచి నా దగ్గరికొచ్చాడు. క్షమించమంటాడనుకున్నాను. నా చొక్కా చెయ్యి పట్టుకుని వాసన చూశాడు. రేకు డబ్బా నలిగి, అడుగున మిగిలిన నల్లటిది నా చొక్కాకి అంటుకుంది.

"జీడి నూనె" అన్నాడు. "ఆరు నెల్లు. ఆరు నెల్లు ఈ బంకేటా అని తల బద్దలుకొట్టుకున్నాను. సీలు డబ్బా అన్నావు."

లెక్క సమానమైపోయిందని ఇద్దరికీ తెలుసు. కానీ నేను మొగలి ముళ్ళతో ఉన్నాను. నాకు ఇంకా కావాలి.

"ఒక్క సూది గుచ్చుకోడానికి అంత భయమా? ఒక మనిషిని చంపేంత భయమా?"

మావ పిస్టను రింగుల అట్టపెట్టె తీశాడు. దాని అడుగునుంచి ప్లాస్టిక్ కవరు, కవర్లోంచి మడత కాగితం తీసి నాకిచ్చాడు. విశాఖపట్నంలో చేయించిన రక్త పరీక్ష. ఇలాంటి కాగితాలు నేను మా స్కూలు ఊళ్ళో చాలా చదివి పెట్టాను. ఏ అంకె దగ్గర చూపు ఆగాలో నాకు తెలుసు. ఆగింది.

"ఎప్పటిది?"

"పోయినేటిది."

"మరి?"

"వారానికి రెండుసార్లు వచ్చి రక్తం కడిగే మిషనెక్కించుకోమన్నారు. వారానికి రెండుసార్లు విశాఖపట్నం ఎల్తే ఈ షెడ్డు ఉంటాదా? షెడ్డు లేకపోతే నాను ఉంటానా?"

"అత్తకి తెలుసా?"

"తెలీదు. నిలబడి పని సెయ్యడం వల్ల కాళ్ళు పొంగుతున్నాయని సెప్పినాను. మేస్టారూ, ఇంజను ఇప్పి నా సేతిలో ఎట్టీవోడు ముందు నాను ఉంటానా లేదా అని సూత్తాడు. తెలిస్తే ఒక్కడు రాడు. క్యాంపులో పేర్లు రాసేది నువ్వు. నీకు సెప్తే ఒకటి, పలాస స్టేషన్లో మైకులో సెప్తే ఒకటి. నీ బండి పడిపోద్దనుకోలేదు. ఆయిలు పోసుకుంటావనుకున్నాను. తప్పు నాదే."

నేను ఎవరికీ చెప్పనని నా కళ్ళజోడు మీద ఒట్టు పెట్టాను. ఒట్టుని నాలుగు రోజులు నిలబెట్టుకున్నాను. నా జీవితంలో అదే రికార్డు.

స్టాఫ్ రూములో అందరూ నా కట్లు చూసి, పడిన కథ చెప్పమన్నారు. మొదటి రోజు నేను మూడడుగులు ఎగిరాను. రెండో రోజు తాటిచెట్టంత. మూడో రోజు గాల్లోంచి ఒక పడవ వాళ్ళతో మాట్లాడాను. నాలుగో రోజు తీగ కోసిన సంగతి కూడా వచ్చేసింది. అప్పుడు మా డ్రిల్లు మాస్టారు అడిగాడు: "అంతా బాగుంది గానీ, ఆ మావ తీగ కోసే మనిషి కాదు కదా. ఎందుకు కోశాడు?"

అందరూ నా వైపే చూస్తున్నారు. కథ గాల్లో వేలాడుతోంది. ఆ ఒక్క ముక్క లేకపోతే అది కిందికి దిగదు. చెప్పేశాను. ఎవరితోనూ అనకండి అని కూడా చెప్పాను. పైగా విశాఖపట్నం డాక్టరు గొంతుని అనుకరించి మరీ చెప్పాను.

డ్రిల్లు మాస్టారి స్కూటరు ఇంజను అప్పటికి మావ దగ్గర విప్పి ఉంది. మర్నాడే వెళ్ళి దాన్ని ముక్కలుగానే గోనెసంచిలో వేసుకుని తెచ్చుకున్నాడు. ఆ వారంలో ఇంకో రెండు గోనెసంచులు షెడ్డు దాటాయి, మిగతా బళ్ళని తోసుకుపోయారు. తొమ్మిది బళ్ళుండే చోట నాదొక్కటే మిగిలింది.

నేను వెళ్ళేసరికి మావ ఒక కార్బురేటరు తుడుస్తున్నాడు. అది అప్పటికే అద్దంలా ఉంది. నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే నేను బతికిపోయేవాణ్ణి.

"మా ఇంటిది కుళాయి కాడ ఇనీసింది" అన్నాడు. "రాత్రి అన్నం తిన్లేదు. విశాఖపట్నం పద, అక్కడే గది తీసుకుని ఉందాం అంటాంది. ఫ్యాక్టరీలో జీడి పిక్కలు కొట్టడం మానీసి వచ్చీత్తాదట. ఇక్కడ బళ్ళు లేవు. మేస్టారూ, నువ్వు మళ్ళీ సెప్పాల."

"ఏం చెప్పాలి?"

"తప్పని సెప్పు. నాకేటీ లేదని సెప్పు. నీ నోరే కదా, దానికి సేతనవుతాది."

నేను కాదని ఉండాల్సింది. అత్త మాటే సరైందని నాకు తెలుసు. కానీ ఖాళీ షెడ్డుకి కారణం నేను. ఆ మనిషి నన్ను ఏదైనా అడగడం అదే మొదటిసారి.

ఆ రెండో కథకి నేను కష్టపడ్డంతగా బీయీడీకి కూడా కష్టపడలేదు. మావ పేరే ఉన్న ఇంకో మనిషిని పుట్టించాను. వాడికి అదే వయసు ఇచ్చాను. ఆస్పత్రిలో కాగితాలు తారుమారయ్యాయన్నాను. ఆ రెండోవాడికి ఊరు ఇచ్చాను, మీసం ఇచ్చాను, ఏడ్చే అక్కచెల్లెళ్ళని ఇచ్చాను. టీ కొట్లో చెప్పాను, మంగలి కుర్చీలో చెప్పాను, రైలు గేటు దగ్గర ఆగిన ప్రతివాడికీ చెప్పాను. పదిహేను రోజులు తిరక్కుండా మనుషులు నాకే ఆ కథ తిరిగి చెప్పడం మొదలుపెట్టారు, నేను పెట్టని వివరాలతో సహా. డ్రిల్లు మాస్టారు గోనెసంచి మోసుకుంటూ తిరిగొచ్చాడు.

అత్త కూడా వచ్చింది. మావకి మధ్యాహ్నం క్యారేజీ తెచ్చి, నన్ను చూసి ఆగింది. జీడి పని చేసే చేతులు, వేళ్ళ కొసలు నల్లగా ఉన్నాయి.

"మేస్టారు బాబూ, నువ్వు సదువుకున్నోడివి. ఆ కాయితం ఈయనది కాదట, ఇంకెవుడిదోనట. నిజివేనా?"

ఆవిడ వెనక మావ నా బండి మీద వంగి ఉన్నాడు. స్పానరు తిరగడం ఆగిపోయింది. ఆయన వీపు కదలటం లేదు. అదే మొదటిసారి, నాకు చిన్న కథ చెప్పాలనిపించింది.

"నిజమే అత్తా" అన్నాను.

స్పానరు మళ్ళీ తిరిగింది. అత్త చీర కొంగుతో మొహం అంతా తుడుచుకుని, "నా తండ్రే, నా నాయనే" అంటూ నా బుగ్గలు పట్టుకుంది. క్యారేజీలోంచి చేప ముక్క తీసి నాకు కూడా పెట్టింది. తిన్నాను. ఆ రోజు నుంచి ఆవిడ విశాఖపట్నం మాట ఎత్తలేదని మావే చెప్పాడు, గొప్ప పని చేశావు మేస్టారూ అన్నట్టు. నేను మళ్ళీ మళ్ళీ వెళ్ళి, ఇప్పుడైనా వెళ్దాం మావా, నేను తోడొస్తాను అనేవాణ్ణి. "ఈ నాలుగు బళ్ళూ అయిపోనీ" అనేవాడు. ఆ నాలుగూ అయ్యేలోపు ఇంకో నాలుగు వచ్చేవి. అవన్నీ నా కథ తెచ్చిన బళ్ళు.

మరుసటి ఏడాది ఎండాకాలంలో మావ పోయాడు. ఊపిరాడక రెండు రాత్రులు కూర్చునే ఉన్నాడట. ఆఖరికి విశాఖపట్నం తీసుకెళ్తుంటే దార్లోనే, శ్రీకాకుళం కూడా దాటకుండానే పోయాడు.

దినాలైపోయాక అత్త షెడ్డు తెరిచింది, ఎవరి బళ్ళు వాళ్ళకి ఇచ్చేద్దామని. ఐదుగురం వచ్చాం. తాళాలకి మావ అట్టముక్కలు కట్టి, వాటి మీద పేర్లు రాసి ఉంచాడు. అత్తకి చదువు రాదు. "నువ్వు సదువు బాబూ" అంది. నేను ఒక్కో పేరూ చదివాను. ఆవిడ ఒక్కో తాళాన్నీ తీసి, ఆ మనిషి అరచేతిలో పెట్టి, "జాగ్రత్తగా ఎల్లు నాయనా" అంది. డ్రిల్లు మాస్టారికి కూడా అలాగే పెట్టింది. నలుగురూ వెళ్ళిపోయారు. ఆఖరి అట్ట మీద 'మేస్టారు' అని ఉంది. దాన్ని చదవక్కర్లేకపోయింది.

అత్త తాళం చేతిలో పట్టుకునే ఉంది.

"బాబూ, ఒకటడుగుతాను. ఆ కాయితం ఇంకెవుడిదో అని నువ్వు సెప్పినావు కదా. ఆయన నిన్ను సెప్పమన్నాడా? నువ్వే సెప్పినావా?"

ఆయన చెప్పమన్నాడు. ఆ మాట నాలుక మీదే ఉంది. ఆ మాట అంటే నా బరువు సగం దిగిపోతుంది. ఆవిడ కళ్ళు నా నోటినే చూస్తున్నాయి. జవాబు ఏదైనా సరే, దానితోనే ఇంక ఆవిడ ఆ ఇంట్లో ఒంటరిగా బతకాలి.

"నేనే చెప్పాను అత్తా" అన్నాను. "నా నోటి దూల. ఆయనకి తెలీదు."

అత్త తల ఊపింది. "అదే అనుకున్నాను. నాతోటి అబద్ధమాడ్డం ఆయనకి రాదు" అంది.

అందరి తాళాలూ చేతికిచ్చిన మనిషి, నాది బల్ల మీద పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.